ముప్ఫై రెండు ఓట్లు, దొరకని తాళం చెవి

2020 గ్రేటర్ హైదరాబాద్ ఎన్నికలు అనగానే అందరూ పార్టీల స్కోరు చెప్తారు. టీఆర్ఎస్ 56, బీజేపీ 48, మజ్లిస్ 44, కాంగ్రెస్ 2. నాకు మాత్రం గుర్తుండిపోయిన అంకె 32. మా మన్సూరాబాద్‌కి పక్కనే ఉన్న బీఎన్ రెడ్డి నగర్ డివిజన్లో బీజేపీ అభ్యర్థి టీఆర్ఎస్ అభ్యర్థి మీద గెలిచిన తేడా అది. ఎల్.బి.నగర్ నియోజకవర్గంలోని 11 డివిజన్లూ ఆసారి బీజేపీకే పోయాయి కాబట్టి ఈ ఒక్కటి అటో ఇటో అయినా ఊరికి జరిగే నష్టమేమీ లేదనుకోండి. కానీ ఓడిన మనిషికి ఆ 32 ఓట్లు ఎన్ని రాత్రులు నిద్ర పట్టనివ్వవో ఆలోచించండి.

అసలు 32 అంటే ఎంత? ఆ ఎన్నికలు కరోనా కారణంగా ఓటింగ్ మిషన్లతో కాకుండా కాగితం బ్యాలెట్లతో జరిగాయి. కాగితాల్ని లెక్కపెట్టే పద్ధతి మనకి తెలిసిందే. ఒక్కో అభ్యర్థివి 25 కాగితాలు కలిపి ఒక కట్ట కడతారు. 40 కట్టలైతే వెయ్యి. ఇప్పుడు ఒక్క కట్ట పొరపాటున పక్కవాడి ట్రేలో పడిందనుకుందాం. వీడికి 25 తగ్గాయి, వాడికి 25 పెరిగాయి. మొత్తం తేడా 50. అంటే 32 ఓట్ల మెజారిటీ ఒక్క కట్ట తెచ్చే తేడా కంటే చిన్నది! బీఎన్ రెడ్డి నగర్లో అలా జరిగిందని నేను అనడం లేదు. జరగలేదని ఓడినవాడికి ఎలా నమ్మకం కలిగించాలి అన్నదే ఈ టపా సంగతి.

అదే రోజు నగరానికి ఉత్తరాన నేరేడ్‌మెట్‌లో ఇంకా చిత్రమైన కథ నడిచింది. బ్యాలెట్ మీద ఓటు వెయ్యడానికి స్వస్తిక్ గుర్తున్న స్టాంపు ఇస్తారు కదా. కొన్ని పోలింగ్ కేంద్రాల్లో సిబ్బంది ఆ స్టాంపుకి బదులు పోలింగ్ కేంద్రాన్ని గుర్తించే స్టాంపు చేతిలో పెట్టేశారు. ఓటరు పాపం ఇచ్చిన దానితోనే గుద్దాడు. ఇది చెల్లుతుందా చెల్లదా? లెక్కింపుకి ముందు రోజు రాత్రి రాష్ట్ర ఎన్నికల సంఘం చెల్లుతుందని సర్క్యులర్ ఇచ్చింది. సిబ్బంది తప్పుకి ఓటరుని శిక్షించకూడదు అన్నది దాని వాదన. బీజేపీ పొద్దున్నే హైకోర్టుకి పోయింది. హైకోర్టు ఆ సర్క్యులర్‌ని నిలిపేసి, ఇలాంటి ఓట్ల సంఖ్య కంటే మెజారిటీ తక్కువున్న చోట ఫలితం ప్రకటించొద్దంది. అలా ఆగిపోయింది నేరేడ్‌మెట్. అక్కడ టీఆర్ఎస్ ఆధిక్యం 504, వేరే ముద్ర పడ్డ ఓట్లు 544. చివరికి కోర్టు అనుమతితో ఆ 544 కూడా డిసెంబరు 9న లెక్కపెడితే టీఆర్ఎస్ అభ్యర్థే గెలిచింది.

రాత్రికి రాత్రి రూలు మార్చడం సంగతి పక్కన పెడితే, హైకోర్టు పెట్టిన ఆ షరతు నాకు భలే నచ్చింది. అనుమానం ఉన్న ఓట్లు మెజారిటీ కంటే తక్కువైతే ఫలితం ప్రకటించెయ్, ఎక్కువైతే ఆగు. ఒక్క ఇఫ్ కండిషన్. (అన్నట్టు ఆ ఎన్నికల్లోనే, దిల్‌సుఖ్‌నగర్‌కి దగ్గర్లోని ఓల్డ్ మలక్‌పేటలో సీపీఐ అభ్యర్థి పేరు పక్కన సీపీఎం గుర్తు అచ్చేశారు. డిసెంబరు 3న మళ్ళీ పోలింగ్ పెట్టాల్సొచ్చింది. టెస్టింగ్ లేకుండా ప్రొడక్షన్‌కి పంపితే ఇంతే :-))

అసెంబ్లీకీ పార్లమెంటుకీ అయితే 1961 నాటి ఎన్నికల నిర్వహణ నియమాల్లో 63వ నియమం ఉంది. మొత్తం ఓట్లు ప్రకటించగానే అభ్యర్థి గానీ ఏజెంటు గానీ మళ్ళీ లెక్కపెట్టమని కాగితం మీద రాసి, కారణాలు చూపించి అడగొచ్చు. రిటర్నింగ్ అధికారి మొత్తమో కొంతో ఒప్పుకోవచ్చు, పనికిమాలిన కోరిక అనిపిస్తే తోసిపుచ్చొచ్చు. ఏం చేసినా కారణం రాసి ఇవ్వాలి. ఇంత మెజారిటీ కంటే తక్కువైతే తప్పనిసరి అన్న గీత లేదు. ఆయన ఫలితం షీటు మీద సంతకం పెట్టేశాడా, అంతే, ఇక ఎవరూ అడగడానికి లేదు. అంటే అడిగే అవకాశం ఉండేది కొన్ని నిమిషాలే. బయట గెలిచినవాళ్ళ బాణాసంచా, లోపల నీ ఏజెంట్లు సగంమంది నీరసపడి వెళ్ళిపోయి ఉంటారు, ఆ గోలలో నువ్వు తెల్లకాగితం వెతుక్కుని అర్జీ రాయాలి. ఆ క్షణం దాటితే మిగిలేది ఎలక్షన్ పిటిషనే. అసెంబ్లీ, పార్లమెంటు అయితే 45 రోజుల్లోపు హైకోర్టులో. మునిసిపాలిటీలకి, పంచాయతీలకి ఎలక్షన్ ట్రిబ్యునల్లో. వేరే దారి లేదని రాజ్యాంగమే చెప్పింది.

ఇప్పుడు కొంచెం వెనక్కి పోదాం. 1952లో మన తాతల ముందు పెట్టిన బ్యాలెట్ కాగితం మీద అభ్యర్థుల పేర్లు, గుర్తులు ఉండేవి కావు. ఒక్కో అభ్యర్థికి ఒక్కో పెట్టె, పెట్టె మీద గుర్తు. ఓటరు తెర వెనక్కి పోయి తనకి నచ్చిన పెట్టెలో కాగితం వేసి రావడమే. లెక్కపెట్టడం తేలిక, చెల్లని ఓటు అన్న తగాదా కూడా తక్కువే. కానీ ఎవడైనా కాగితం పెట్టెలో వెయ్యకుండా జేబులో పెట్టుకుని బయటికొస్తే? ఒక పెట్టెలోది తీసి ఇంకో పెట్టెలో పడేస్తే? కాగితం మీద ఓటరు ఉద్దేశం ఏమీ ఉండదు కాబట్టి మళ్ళీ వందసార్లు లెక్కపెట్టినా అదే అంకె వస్తుంది. రీకౌంటింగ్ కూడిక తప్పుల్ని పట్టుకుంటుంది గానీ కల్తీని పట్టుకోలేదు. ఈ తేడా 70 ఏళ్ళ తర్వాత మిషన్ల దగ్గర మళ్ళీ మనకి ఎదురొస్తుంది. 1962 సాధారణ ఎన్నికల నాటికి ఒకే కాగితం మీద ముద్ర వేసే పద్ధతి వచ్చింది.

ఆ 1952 పెట్టెల విషయంలో మనకో గొప్ప ఉంది. ఎన్నికల సంఘం ఆమోదించిన ఉక్కు పెట్టెల్లో మన హైదరాబాద్ ఆల్విన్ వాళ్ళు చేసినవీ ఉన్నాయి. ఆల్విన్ అంటే మా నాన్న తరానికి ఫ్రిజ్, వాచీ. అంతకు ముందే ఓట్ల పెట్టె చేసిందన్నమాట. తర్వాత 1979లో ఓటింగ్ మిషను నమూనా తయారుచేసింది కూడా హైదరాబాదే, ఈసీఐఎల్. నాగోలు, ఉప్పల్ దాటి పోతే తగిలే ఆ ఈసీఐఎల్లే. దేశం ఓట్లు వేసిన డబ్బాలు, మిషన్లు మన ఊళ్ళో తయారయ్యాయి. వాటిని విప్పి చూపించి జైలుకి పోయినాయనా మన ఊరివాడే. ఆ సంగతి కాస్సేపట్లో.

దగ్గర పోటీలు మన తెలుగు గడ్డకి కొత్తేం కాదు. లోక్‌సభ చరిత్రలో అతి తక్కువ మెజారిటీ 9 ఓట్లు. ఆ రికార్డు ఉన్న రెండు చోట్లలో ఒకటి 1989 అనకాపల్లి. కాంగ్రెస్ అభ్యర్థి కొణతాల రామకృష్ణకి, తెలుగుదేశం అభ్యర్థికి చెరో 2 లక్షల 99 వేల పైచిలుకు ఓట్లొచ్చి 9 ఓట్ల దగ్గర తెగింది. అది కాగితాల కాలం. మిషన్ల కాలంలోనూ తక్కువేం లేదు. 2014లో మంగళగిరిలో ఆళ్ళ రామకృష్ణారెడ్డి 12 ఓట్లతో, 2019లో విజయవాడ సెంట్రల్లో మల్లాది విష్ణు 25 ఓట్లతో గెలిచారు. 2018లో మన సాగర్ రోడ్డు మీదున్న ఇబ్రహీంపట్నంలో తేడా 376, ఆసిఫాబాద్‌లో 171.

ఇలా ఓడినవాళ్ళు కోర్టుకి పోతే ఏమవుతుంది? 1964లో రామ్ సేవక్ యాదవ్ కేసులో సుప్రీంకోర్టు ఒక గీత గీసింది. పెట్టెలు తెరవమని ఊరికే అడిగితే కుదరదు. ఎక్కడ, ఎన్ని ఓట్లు, ఏ తప్పు జరిగిందో ముందు నువ్వు నిర్దిష్టంగా చెప్పాలి, ప్రాథమికంగా రుజువు చూపించాలి. గాలం వేసి ఏమైనా తగులుతుందేమో చూద్దామనే వేటకి కోర్టు ఒప్పుకోదు. తర్వాతి తీర్పులన్నీ కాస్త అటూ ఇటూగా అదే మాట.

ప్రొడక్షన్ సపోర్టులో పనిచేసినవాడెవడికైనా ఈ వాదన వినగానే ఒళ్ళు మండుతుంది. "ఎర్రర్ ఎక్కడుందో చూపిస్తే లాగ్ ఇస్తాం" అంటే, లాగ్ చూడకుండా ఎర్రర్ ఎక్కడుందో ఎలా చెప్పాలి మహాప్రభో! అయితే రెండో వైపు కూడా చూడాలి. బ్యాలెట్ కాగితం మీద నంబరు ఉంటుంది, దాని కౌంటర్‌ఫాయిలు మీద అదే నంబరు ఉంటుంది. పెట్టెలు తరచూ తెరుస్తూ పోతే ఎవరు ఎవరికి వేశారో తవ్వి తీయొచ్చు. పైగా ప్రతి ఓడినవాడూ అడగడం మొదలుపెడితే ఏ ఎన్నికా ముగియదు. కోర్టు భయంలో అర్థం ఉంది. నా అభ్యంతరమల్లా ఒకటే. రుజువులన్నీ ప్రభుత్వం బీరువాలో పెట్టి, రుజువు తెచ్చే భారం మాత్రం బయట నిలబడ్డవాడి మీద పెట్టడం.

ఆ బీరువా తాళం పోతే? నిజంగానే పోయింది.

2018 డిసెంబరు 11న ధర్మపురి ఫలితం వచ్చింది. టీఆర్ఎస్ నుంచి కొప్పుల ఈశ్వర్, కాంగ్రెస్ నుంచి అడ్లూరి లక్ష్మణ్ కుమార్. తేడా 441 ఓట్లు. లెక్కింపులో అవకతవకలు జరిగాయంటూ లక్ష్మణ్ హైకోర్టులో పిటిషన్ వేశారు. ఈశ్వర్ మంత్రి అయ్యారు. చట్టంలో ఇలాంటి పిటిషన్లు 6 నెలల్లో తేల్చడానికి ప్రయత్నించాలని రాసుంది. ప్రయత్నించాలని, అంతే! కేసు నడుస్తూ నడుస్తూ 2023కి వచ్చింది. కోర్టు 17సీ ఫారాలు, సీసీ కెమెరాల రికార్డులు వగైరా తెచ్చి చూపించమని జగిత్యాల జిల్లా అధికారుల్ని ఆదేశించింది. అవన్నీ కొండగట్టు దగ్గరి వీఆర్‌కే ఇంజనీరింగ్ కాలేజీలో స్ట్రాంగ్ రూముల్లో ఉన్నాయి.

2023 ఏప్రిల్ 10న అన్ని పక్షాల్నీ పిలిచి తెరవబోతే ఒక గదికి తాళం చెవి దొరకలేదు. నాలుగున్నరేళ్ళలో కలెక్టర్లు మారారు, ఎవరు ఎవరికి అప్పగించారో తేలలేదు. దీని మీద ఎన్నికల సంఘం విచారణకి ఒక బృందాన్ని పంపింది. చివరికి హైకోర్టు తాళం పగలగొట్టమంటే ఏప్రిల్ 23న పగలగొట్టారు. అదే ఏడాది హైకోర్టు లక్ష్మణ్ పిటిషన్‌ని కొట్టేసింది. నవంబరులో మళ్ళీ ఎన్నికలొచ్చాయి, అదే ఇద్దరు నిలబడ్డారు, లక్ష్మణ్ 22 వేలకి పైగా ఓట్లతో గెలిచారు.

ఈ కథ విని చాలామంది "చూశావా, చివరికి న్యాయం జరిగింది" అంటారు. నాకలా అనిపించదు. 2023లో జనం వేసిన ఓటు 2018 ప్రశ్నకి జవాబు కాదు. 2018లో ఈశ్వర్ సవ్యంగానే గెలిచి ఉంటే, తాళం చెవి పోవడం వల్ల ఆయన మీద కూడా ఊరికే మచ్చ పడింది. ఆడిట్ అనేది ఓడినవాడి హక్కు అనుకుంటాం గానీ, గెలిచినవాడికే అది ఎక్కువ అవసరం.

సరే, ఓటింగ్ మిషన్ల సంగతి. మిషను చట్టంలో లేని రోజుల్లో 1982లో కేరళలోని పరూరులో 50 బూత్‌లలో వాడారు. 1984లో సుప్రీంకోర్టు చెల్లదు పొమ్మంది, ఆ బూత్‌లలో మళ్ళీ పోలింగ్ పెడితే గెలిచినాయన ఓడిపోయాడు. తర్వాత చట్టం మార్చారు, 2004 నాటికి లోక్‌సభ ఎన్నికలన్నీ మిషన్ల మీదే. రీకౌంటింగ్ పరంగా మిషను ఒక మేలు, ఒక కీడు చేసింది. మేలేంటంటే బూత్‌ల వారీ లెక్క దొరుకుతుంది. కాగితాలప్పుడు ఏ వాడ ఎవరికి వేసిందో తెలియకూడదని బ్యాలెట్లు కలిపేసేవారు, కాబట్టి ఫలానా బూత్‌లో తేడా ఉందని చెప్పడమే కష్టం. మిషను వచ్చాక పోలింగ్ అయిపోగానే ఈ మిషన్లో ఇన్ని ఓట్లు పడ్డాయి అని 17సీ ఫారం ఏజెంట్లకి ఇస్తారు. లెక్కింపు రోజు ఆ అంకెతో పోల్చుకోవచ్చు. మన భాషలో చెక్‌సమ్. కీడేంటంటే, మళ్ళీ లెక్కపెట్టు అంటే అదే బటన్ మళ్ళీ నొక్కుతారు, అదే అంకె వస్తుంది. 1952 పెట్టె దగ్గరికే తిరిగొచ్చాం.

ఇది మొదట గట్టిగా అడిగింది మన హైదరాబాదీ ఇంజనీరు వేమూరు హరిప్రసాద్. 2010లో అమెరికా ప్రొఫెసరు అలెక్స్ హాల్డర్‌మన్, డచ్ దేశస్థుడు రోప్ గోంగ్రైప్‌లతో కలిసి ఒక నిజమైన ఓటింగ్ మిషన్ని విప్పి, డిస్‌ప్లే బోర్డు మార్చేస్తే అంకెలు ఎలా మార్చొచ్చో, చిన్న క్లిప్పు తగిలిస్తే మెమరీలో ఓట్లు ఎలా మార్చొచ్చో చూపించారు. ఆ మిషను ఎవరిచ్చారో చెప్పమని 2010 ఆగస్టులో ముంబై పోలీసులు వచ్చి హైదరాబాద్‌లో ఆయన ఇంటి నుంచి పట్టుకుపోయారు. ఆయన చెప్పలేదు. వారం తర్వాత బెయిలొచ్చింది. మిషను ముట్టుకోగలిగితేనే ఈ పని సాధ్యం, ఎన్ని లక్షల మిషన్లని ముట్టుకోగలరు అన్న ఎదురు వాదనలో బలం లేకపోలేదు. కానీ లోపం చూపించినవాణ్ణి అరెస్టు చెయ్యడం మన రంగంలో ఎవరికైనా ముల్లులా గుచ్చుకునే విషయమే.

2013లో సుప్రీంకోర్టు కాగితం చీటీ, అదే వీవీప్యాట్, ఉండాల్సిందే అంది. చీటీ వచ్చింది గానీ లెక్కపెట్టేది ఎవరు? మొదట అసెంబ్లీ సెగ్మెంటుకి ఒక్క బూత్. చంద్రబాబు నాయుడు, మరో 20 మంది ప్రతిపక్ష నాయకులు సగం లెక్కపెట్టాలని కేసు వేస్తే 2019 ఏప్రిల్ 8న సుప్రీంకోర్టు ఒకటిని 5 చేసింది. ఇక్కడ చిన్న లెక్క చేద్దాం. 300 బూత్‌లున్న నియోజకవర్గంలో 30 బూత్‌లలో గోల్‌మాల్ జరిగితే, 5 బూత్‌లు తీసి చూస్తే పట్టుబడే అవకాశం 40 శాతం చిల్లర. అదే 3 బూత్‌లలోనే జరిగితే 5 శాతం కూడా లేదు. మెజారిటీ 50 వేలున్నప్పుడు 3 బూత్‌ల గోల్‌మాల్ ఎవడికీ అక్కర్లేదు, మెజారిటీ 25 ఉన్నప్పుడు అది చాలు. అంటే శాంపిలు మెజారిటీని బట్టి మారాలి. బర్క్‌లీ ప్రొఫెసరు ఫిలిప్ స్టార్క్ చెప్పిన పద్ధతి సరిగ్గా ఇదే, 2017లో కొలరాడో రాష్ట్రం దాన్ని మొదట అమలు చేసింది. 2020లో జార్జియా రాష్ట్రం దాదాపు 50 లక్షల కాగితాల్ని చేత్తో లెక్కపెట్టింది. తేడా తక్కువున్నప్పుడు శాంపిలు పెరిగీ పెరిగీ మొత్తం లెక్కింపు అవుతుందన్నమాట. అట్లాంటాలో ఉన్న మనవాళ్ళు చాలామంది ఆ రోజులు చూసే ఉంటారు.

మన దగ్గర 2024 ఏప్రిల్ 26న సుప్రీంకోర్టు ఇంకో మెట్టు ఎక్కింది. రెండో, మూడో స్థానంలో వచ్చిన అభ్యర్థులు ఫలితం వచ్చిన 7 రోజుల్లో రాసిస్తే, డబ్బు కడితే, సెగ్మెంటులో 5 శాతం మిషన్ల మెమరీని తయారీ సంస్థ ఇంజనీర్లు పరీక్షించాలి. తప్పు తేలితే డబ్బు వాపస్. ఒక్కో సెట్టుకి 40,000, దాని మీద 18 శాతం జీఎస్టీ కలిపి 47,200 రూపాయలు పెట్టారు. (అనుమానం మీద కూడా జీఎస్టీ!) ఒంగోలులో ఓడిన బాలినేని శ్రీనివాసరెడ్డి 12 బూత్‌లకి 5,66,400 కట్టారు. తీరా ఆగస్టులో అధికారులు చేస్తామన్నదేంటి? మెమరీ ఖాళీ చేసి మాక్ పోల్. క్రాష్ అయిన సర్వర్‌ని ఫార్మాట్ చేసి "చూడండి, బాగానే పనిచేస్తోంది" అన్నట్టు. అడిగినవాళ్ళు మాకిది వద్దన్నారు, అది అలా ఆగింది. 2025 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టే మేం చెప్పింది ఇది కాదని, డేటా చెరపొద్దని అంటే గానీ పద్ధతి మారలేదు. ఆ ఎన్నికలో తేడా 34 వేల దాకా ఉంది, కాబట్టి ఫలితం మారేదని నేను అనుకోను. కానీ అడిగింది ఒకటి, చూపిస్తామన్నది ఇంకొకటి.

ఇంకోపక్క లాగ్ దాచే గడువు తగ్గుతోంది. 2024 డిసెంబరులో నియమం మార్చి సీసీ కెమెరా రికార్డులు మామూలు జనానికి ఇవ్వక్కర్లేదన్నారు. 2025 మేలో, పిటిషన్ పడకపోతే 45 రోజుల తర్వాత వాటిని తీసేయొచ్చని ఎన్నికల సంఘం చెప్పింది. ధర్మపురిలో కోర్టు ఆ రికార్డులు అడగడానికి నాలుగేళ్ళు దాటింది గుర్తుందా?

పంచాయతీల్లో ఇవేవీ లేవు. తెలంగాణలో సర్పంచి ఎన్నిక ఇప్పటికీ కాగితమే. మధ్యాహ్నం ఒంటిగంటకి పోలింగ్ అయిపోతుంది, రెండింటికి అదే ఊళ్ళో లెక్కింపు మొదలు. ఓట్లు సమానమైతే చీటీ తీస్తారు. ఒక్క ఓటుతో గెలిచినవాడు, ఓడినవాడు రేప్పొద్దున అదే వీధిలో ఎదురుపడాలి. ఇలాంటి చోట అనుమానం ఎన్నేళ్ళు నిలవ ఉంటుందో పల్లెటూరి వాళ్ళకి చెప్పక్కర్లేదు.

హర్యానాలో పానిపట్ జిల్లా బువానా లాఖు అనే ఊరి సంగతి చూడండి. 2022 నవంబరు 2న సర్పంచి ఎన్నిక. 69వ నంబరు బూత్‌లో ఇద్దరు అభ్యర్థుల ఓట్లు తారుమారుగా రాశారన్నది గొడవ. మిషన్లే వాడారు, అయినా చేత్తో రాసేటప్పుడు తప్పు దొర్లితే మిషనేం చేస్తుంది. ట్రిబ్యునల్ ఒక్క ఆ బూత్ మళ్ళీ లెక్కపెట్టమంది, హైకోర్టు వద్దంది. సుప్రీంకోర్టు మాత్రం మిషన్లన్నీ ఢిల్లీ తీసుకురమ్మని, తన రిజిస్ట్రారు ముందు, రెండు పక్షాల వాళ్ళ ఎదుట, వీడియో తీస్తూ లెక్కపెట్టించింది. 2025 ఆగస్టు 6న ఒక్క రోజులో పనైపోయింది. ఓడిపోయాడన్న మనిషికి 1,051, సర్పంచిగా కూర్చున్న మనిషికి 1,000. అసలు గెలిచిన ఆయన కుర్చీ ఎక్కేసరికి ఆ పదవికాలంలో 2 సంవత్సరాల 9 నెలలు అయిపోయాయి.